మా బావ గొంతూ, పలకని దర్జీ

మా బావ గొంతు గురించి చెప్పాలంటే ముందు మా అక్క కష్టం చెప్పాలి. కోర్టు వెనకాల రెండు గదుల క్వార్టర్లో వాళ్ళ కాపురం. గోడలు ఇటుకవే గానీ మా బావ మాటకి అవి ఉన్నా లేనట్టే. భోజనం దగ్గర కూర్చుని "కూరలో ఉప్పు తక్కువైందే" అన్నాడంటే పక్కింటావిడ ఉప్పు డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసేది. మా అక్కకి తల కొట్టేసినట్టయ్యేది. "ఏవండీ, నేను మీ పక్కనే ఉన్నాను, పైగా ముద్దాయిని కాను" అని మొత్తుకునేది. ఆయన నిజంగానే గొంతు తగ్గించాననుకునేవాడు. ఆయన గుసగుసలాడితే మామూలు ఇళ్ళలో పోట్లాట జరిగినట్టుండేది.

మా బావ మేజిస్ట్రేటు కోర్టులో బంట్రోతు. కేసు వంతు రాగానే గుమ్మంలో నిలబడి ముద్దాయినీ సాక్షుల్నీ పేరు పెట్టి పిలవడం ఆయన పని. నేను అదే కోర్టు వరండాలో, ఒక లావుపాటి స్తంభం పక్కన టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేవాణ్ణి. బావమరిదిని కాబట్టి ఆయన్ని నాలుగు మాటలనే హక్కు నాకుంది. ఆ హక్కు నేనేనాడూ వదులుకోలేదు.

కుర్రతనంలో ఆయన బస్టాండులో ఊళ్ళ పేర్లు అరిచేవాడు. ఏ బస్సు ఎక్కడికి పోతుందో జనం బోర్డు చూసి కాదు, ఆయన కేక విని తెలుసుకునేవాళ్ళు. ఒకరోజు బస్సు కోసం ఎదురుచూస్తున్న ఒక మేజిస్ట్రేటుగారు ఆ కేక విని, "మా బంట్రోతు పిలిస్తే పక్కనున్న నాకే వినపడి చావదు, నువ్వొస్తావా?" అని అడిగి తీసుకుపోయారు. "అప్పుడు ఊళ్ళని పిలిచానురా, ఇప్పుడు మనుషుల్ని పిలుస్తున్నాను. ఊళ్ళే నయం, పారిపోవు" అనేవాడు మా బావ.

పిలవడంలో ఆయనకో పద్ధతుంది. హాలు గుమ్మం లోపలే నిలబడతాడు, గడప దాటడు. గడపకి అటు జనం, ఇటు కోర్టు, మధ్యలో తను. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు గానీ ఆయనకి ముందున్న బంట్రోతూ అలాగే నిలబడ్డాడు, అంతకుముందువాడూ అలాగే నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి, పేరులో ఆఖరి అక్షరాన్ని సాగదీస్తాడు. మూడుసార్లు పిలవాలి. మొదటి పిలుపు వరండాకి, రెండోది సైకిలు స్టాండుకి, మూడోది రోడ్డవతల టీకొట్టుకి. ఆ మూడో పిలుపుకి టీ గ్లాసు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చిన సాక్షుల్ని నేను చూశాను. తమ పేరు కాకపోయినా కంగారుపడి లేచొచ్చినవాళ్ళనీ చూశాను.

"నేను పిలిస్తే చచ్చినవాడైనా లేచి రావాలిరా బామ్మర్దీ" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

"వాళ్ళని పిలవకు బావా, వాళ్ళమీద కేసులు ఎప్పుడో కొట్టేశారు" అనేవాణ్ణి.

అలాంటి మనిషి పిలుపుకి పలకనివాడు ఒకడు తగిలాడు.

అతనొక దర్జీ. పేరుతో పని లేదు, దర్జీ అనే అందాం. బజారు మూల మీద చిన్న కొట్టు, ఒక కుట్టు మిషను, దానికి ఎదురుగా ఒక రేడియో షాపు. షాపువాడు బయట లౌడ్‌స్పీకరు పెట్టి పొద్దస్తమానం పాటలు వేసేవాడు. కొన్నాళ్ళకి దర్జీకి పాటకీ పాటకీ మధ్య తన పేరు వినపడటం మొదలైంది. ఎవరో పిలుస్తారు. లేచి వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. తిరిగొచ్చి కూర్చుంటే మళ్ళీ పిలుస్తారు, పిలిచి తిడతారు. భార్యకి చెప్పడానికి సిగ్గుపడి చాలాకాలం కడుపులో దాచుకున్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం తట్టుకోలేక రోడ్డు దాటి వెళ్ళి ఆ స్పీకరు తీగలు కత్తిరించి, దాన్ని నేలకేసి కొట్టాడు. అడ్డం వచ్చిన రేడియో షాపాయన వెనక్కి పడి, అద్దాల బీరువా పగిలి, చెయ్యి కోసుకుంది.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, దర్జీ చేతిలో కత్తెర ఉంది. దర్జీ చేతిలో కత్తెర కాక గరిటె ఉంటుందా? బట్ట కత్తిరిస్తూ కత్తిరిస్తూ లేచి వెళ్ళాడు, అంతే. కానీ పోలీసులకి అది పదునైన ఆయుధం. ఆయుధంతో వచ్చి, ఆస్తి ధ్వంసం చేసి, మనిషిని గాయపరిచాడని కేసు. చెప్పిన ప్రతి ముక్కా నిజమే. అన్నీ కలిపితే మాత్రం నిజం కాదు. నాకు ఒళ్ళు మండేది ఇలాంటి చోటే.

మేజిస్ట్రేటుగారు మంచాయన. మనిషిని చూడగానే ఇది జైలు వ్యవహారం కాదని గ్రహించి, సర్కారు ఆసుపత్రిలో మనసు జబ్బుల డాక్టరమ్మ దగ్గర వైద్యం చేయించుకోవాలి, ప్రతి వాయిదాకీ తప్పకుండా హాజరు కావాలి అని రెండు షరతులు పెట్టి బెయిలిచ్చారు. డాక్టరమ్మ మందులిచ్చింది, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడింది. దర్జీ కోలుకున్నాడు. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు, భార్య ఏదైనా అంటే నవ్వుతున్నాడు. అంతా బాగానే ఉందనుకున్న సమయంలో మొదటి వాయిదా వచ్చింది.

మా బావ మూడుసార్లు పిలిచాడు. పలకలేదు. ముద్దాయి గైర్హాజరు, వారంటు. సాయంత్రానికి పోలీసులు ఇంటికెళ్ళి పట్టుకొచ్చారు. "నేను అక్కడే ఉన్నాను, కోర్టులోనే ఉన్నాను" అని దర్జీ మొత్తుకుంటూనే ఉన్నాడట. పిచ్చిమాటలని ఎవరూ చెవిన పెట్టలేదు. జైల్లో డాక్టరు చీటీ లేనిదే మాత్రలివ్వరు, ఆ డాక్టరు రోజూ రాడు. మందులు ఆగిపోయాయి. బయటికొచ్చేసరికి దర్జీ మళ్ళీ మొదటికొచ్చాడు. కుట్టు మిషను కింద దూరి, చెవులు మూసుకుని కూర్చునేవాడని అతని భార్య తర్వాత నాతో చెప్పింది. ఆ మనిషిని మళ్ళీ మామూలు మనిషిని చెయ్యడానికి ఆవిడకీ డాక్టరమ్మకీ తలప్రాణం తోకకొచ్చింది. ఇంకొక్కసారి వాయిదా తప్పితే బెయిలు రద్దు, కేసు తేలేదాకా లోపలే అని కోర్టు గట్టిగా చెప్పింది.

మా బావ ఇదేదీ పట్టించుకోలేదు. ఆయన రోజూ ఎంతమందిని పిలుస్తాడు, ఎంతమంది పలకరు. పలకనివాడు పారిపోయినవాడే అని ఆయన ఖాతాలో తీర్మానం.

రెండో వాయిదా రోజు పొద్దున దర్జీ భార్య అతన్ని తీసుకొచ్చి, నా స్తంభం వెనకున్న బల్లమీద కూర్చోబెట్టింది. అక్కడ నీడ ఉంటుంది, జనం తక్కువ. హాలు గుమ్మం మాత్రం అక్కడి నుంచి కనపడదు, స్తంభం అడ్డం.

"అన్నయ్యా, కాస్త ఈయన్ని చూస్తూ ఉండండి. మా వంతు మధ్యాహ్నం గానీ రాదని లాయరమ్మ చెప్పింది. ఈలోగా ఆసుపత్రికెళ్ళి మాత్రలు తెచ్చుకుంటాను, మందులిచ్చే కిటికీ దగ్గర పెద్ద వరస ఉంటుంది, మధ్యాహ్నానికల్లా మూసేస్తారు" అంది నాతో. అతని వైపు తిరిగి, "ఇక్కణ్ణించి కదలకు, నేనొచ్చేస్తా" అంది. అతను బుద్ధిగా తలూపాడు.

చూస్తూ ఉండమంది, చూస్తూనే ఉన్నాను. పేరు ఆవిడ చెప్పలేదు, నాకు అవసరమూ పడలేదు. కోర్టు వరండాలో ప్రతి బల్లమీదా ఎవరో ఒకరు ఎవరి కోసమో ఎదురుచూస్తూనే ఉంటారు. నేను నా మిషను మీద టకటకా కొట్టుకుంటూ పోయాను.

లాయరమ్మ లెక్క తప్పింది. ముందున్న కేసులో సాక్షి రాకపోవడంతో దర్జీ వంతు పొద్దున్నే వచ్చేసింది. ఆ సమయానికి లాయరమ్మ పక్క కోర్టులో ఇంకో కేసులో ఇరుక్కుపోయింది. మా బావ గడప దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, గడ్డం ఎత్తి, ఒక పేరు పిలిచాడు. వరండా అంతా మోగింది. రెండోసారికి సైకిలు స్టాండు మోగింది. మూడోసారికి టీకొట్టాయన గల్లాపెట్టె దగ్గర్నించి తల బయటపెట్టాడు. ఎవరూ రాలేదు. మా బావకి పౌరుషం వచ్చింది. ఈ పేరు పోయినసారీ తన పరువు తీసిందని గుర్తొచ్చి, పద్ధతి కూడా మర్చిపోయి నాలుగోసారి పిలిచాడు. ఎప్పుడూ లేనిది నా మిషను మీద కాగితం వణికింది.

"చాలయ్యా, గోడలు పగిలేట్టున్నాయి" అన్నారు లోపల మేజిస్ట్రేటుగారు. "మధ్యాహ్నం మళ్ళీ చూద్దాం. అప్పటికీ రాకపోతే బెయిలు రద్దు చేసి వారంటు."

నా పక్క బల్లమీద మనిషి చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, నేలకేసి చూస్తూ, కదలకుండా మెదలకుండా కూర్చునే ఉన్నాడు. మాస్టారు చెప్పిన పాఠం మనసులో వల్లెవేసుకుంటున్న పిల్లాడిలా ఉన్నాడు.

భోజనాల వేళకి మా బావ చిటపటలాడుతూ నా దగ్గరికొచ్చాడు. అక్క పంపిన క్యారేజీ విప్పి, నా మిషను పక్కకి జరిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూనే మొదలుపెట్టాడు.

"ఇన్నేళ్ళ సర్వీసులో నాలుగుసార్లు పిలిపించుకున్న మొనగాడు వీడొక్కడేరా. దొరికితే చెవి మెలేస్తాను" అని తిడుతూ ఆ పేరు చెప్పాడు.

"ఆఁ. నేనేనండీ" అంటూ బల్లమీద మనిషి లేచి నిలబడ్డాడు.

మా బావ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నేను టైపు మిషను మీది చెయ్యి తీసేశాను. దర్జీ మాత్రం చేతులు కట్టుకుని, పిలిచిన మనిషి ఏం చెబుతాడా అని మా బావ ముఖంలోకే చూస్తున్నాడు.

"నువ్వా?" అన్నాడు మా బావ ముద్ద మింగి. "పొద్దున్న ఎక్కడ తగలడ్డావు?"

"ఇక్కడేనండీ. ఈ బల్లమీదే."

"మరి పిలిస్తే పలకవేం? చెవుడా?"

"లేదండీ. వినపడింది. నాలుగుసార్లూ వినపడింది." అంటూ అతను కాస్త నవ్వాడు. "పలకలేదండీ."

ఆ చెప్పడంలో మొండితనం లేదు, వెటకారం లేదు. గర్వం ఉంది. అది నేను చెవులారా విన్నాను. మా బావ ఒంటికాలిమీద లేవబోతుంటే నేను మోచెయ్యి పట్టుకుని ఆపాను.

"ఎందుకు పలకలేదు బాబూ?" అన్నాను.

"మనిషి కనపడకుండా పేరు వినపడితే పలకొద్దని డాక్టరమ్మ చెప్పిందండీ. ముందు చూడు, మనిషి ఎదురుగా ఉంటే పలుకు, లేకపోతే అది నీ జబ్బు పిలుస్తోందని తెలుసుకో, నీ పని నువ్వు చేసుకో అంది. చాలా కష్టం అండీ అది. మొదట్లో ఒక్క పిలుపుకే లేచి పరిగెత్తేవాణ్ణి. ఇవాళ ఎంత గట్టిగా పిలిచిందో, అంత గట్టిగా ఎప్పుడూ పిలవలేదు. అయినా కదల్లేదు. మా ఆవిడ వస్తే చెప్పాలి."

మెచ్చుకుంటామేమోనని మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

మా బావ చేతిలో ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు. తర్వాత, "పోయిన వాయిదాకి కూడా... ఇక్కడే ఉన్నావా?" అని అడిగాడు.

"ఇక్కడేనండీ. ఒక్కణ్ణే వచ్చాను. అందరికీ చెప్పాను, ఎవరూ నమ్మలేదు. మా ఆవిడ కూడా నమ్మలేదు. తర్వాత్తర్వాత నేను కూడా నమ్మడం మానేశాను. వచ్చాననుకున్నాను గానీ రాలేదేమో అనుకున్నాను."

అన్నం అలా వదిలేసి మా బావ చెయ్యి కడుక్కున్నాడు. పక్క కోర్టుకి వెళ్ళి లాయరమ్మని వెతికి పట్టుకుని సంగతంతా చెప్పాడు. రహస్యంగానే చెప్పానన్నాడు గానీ, ఆ రహస్యం రెండు కోర్టుల్లో గుమాస్తాలందరికీ తెలిసిపోయింది. వాళ్ళ పుణ్యమా అని మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ఈలోగా మాత్రలతో తిరిగొచ్చిన దర్జీ భార్య విషయం విని, భర్త పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. "అయితే నువ్వు నిజంగానే వచ్చావు" అంది. అతను తలూపాడు.

మధ్యాహ్నం లాయరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. ప్రాసిక్యూటరుగారు లేచారు. ఆయన నాకు ఎప్పుడూ నచ్చడు గానీ తెలివిగలవాడు కాదనలేను. "ఇది నాటకం అయితే బెయిలు రద్దు చెయ్యాలి" అన్నారు. "నాటకం కాదూ అంటారా, అప్పుడు మరీ ప్రమాదం. కోర్టు పిలుపుకీ, తన తలలో పిలుపుకీ తేడా తెలియని మనిషిని వీధిలో ఎలా వదిలేస్తాం? తాళం వేసిన వార్డుకి పంపించండి."

ముందుకెళితే జైలు, వెనక్కెళితే తాళం వార్డు. తాళం పడితే ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు. మేజిస్ట్రేటుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, డాక్టరమ్మని రమ్మనమని కబురు పంపారు. ఆసుపత్రి వెనక వీధిలోనే కాబట్టి ఆవిడ వచ్చింది, రోగుల్ని వదిలేసి రావాల్సొచ్చిందన్న చిరాకుతో, తెల్లకోటుతోనే.

"పలకొద్దని ఇతనికి చెప్పింది మీరేనా?" అని అడిగారు మేజిస్ట్రేటుగారు.

"నేనే. ఇతను పలకలేదంటే నేను సంతోషించాలి. పోయినేడాది అయితే ఆ కేకకి గోడ దూకి పారిపోయేవాడు. మీరు జబ్బనుకుంటున్నది జబ్బు కాదండీ, నేను చేసిన వైద్యం" అంది. కాస్త ఆగి, చిరాకు తగ్గించుకుని, "కోర్టులో మనిషి కనపడకుండా పిలుస్తారని నాకు తెలియదు. తెలిస్తే ముందే చెప్పి పంపేదాన్ని. నేనెప్పుడూ కోర్టుకి రాలేదు" అంది.

"మనిషి కనపడకుండా పిలిస్తే పలకకూడని జబ్బొకటి ఉందని మాకూ తెలియదు" అన్నారు మేజిస్ట్రేటుగారు. "మేము పలకకపోతే జైలంటాం, మీరు పలికితే జబ్బంటారు. మధ్యలో ఈయనేం చెయ్యాలి?" దర్జీ వైపు తిరిగి, "ఏమయ్యా, నేను పిలిస్తే పలుకుతావా?" అన్నారు.

"మీరు కనిపిస్తున్నారుగా అండీ" అన్నాడు దర్జీ.

హాల్లో నవ్వులు. మేజిస్ట్రేటుగారూ నవ్వారు. ప్రాసిక్యూటరుగారు మాత్రం, "ఇక్కడ ఎదురుగా పలకడం వేరు. రేపు వాయిదాకి పలుకుతాడని పూచీ ఏమిటి?" అన్నారు.

"సరే, ఇప్పుడే చూద్దాం. అతన్ని తీసుకెళ్ళి ఆ బల్లమీదే కూర్చోబెట్టండి. మూడుసార్లు పిలవాలన్నారు గానీ ఎంత దూరం నుంచి అని ఎక్కడా అనలేదు." మా బావ వైపు చూశారు. "నువ్వు గుమ్మం దాటి, వెళ్ళి, ఎదురుగా నిలబడి పిలువు. పలికితే ఇకముందు అలాగే పిలుద్దాం. పలకకపోతే ప్రాసిక్యూటరుగారు అడిగినట్టే చేస్తాను."

దర్జీని బల్లమీద కూర్చోబెట్టారు. భార్యని దూరంగా నిలబడమన్నారు. జనం వరండాలోకి ఎగబడ్డారు. మా బావ గడప దగ్గరకొచ్చి ఆగిపోయాడు. ఇన్నేళ్ళలో పిలవడానికని ఆ గడప దాటలేదు. దాటాడు. స్తంభం చుట్టూ తిరిగి వచ్చి దర్జీ ఎదురుగా నిలబడ్డాడు. దర్జీ పొద్దున్నలాగే మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, నేలకేసి చూస్తున్నాడు. చుట్టూ అంత మంది గుమిగూడేసరికి బెదిరిపోయాడు. పెదవులు కదులుతున్నాయి. తల ఎత్తడం లేదు.

మా బావ నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు. ఆయన భయం నాకర్థమైంది. ఆయనకున్నది ఒకటే గొంతు. తల వంచుకున్న మనిషి మీద ఆ గొంతు పడితే ఎక్కడి నుంచో వచ్చిన కేకలాగే ఉంటుంది. అతను పలకడు. పలకకపోతే తాళమే. దేవుడా, ఒక్కసారి, ఈ ఒక్కసారి మా బావకి మామూలు మనిషి గొంతివ్వు అనుకున్నాను.

మా బావ మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, నేలమీద గొంతుక్కూర్చున్నాడు. దర్జీ నేలకేసి చూస్తున్నాడు కాబట్టి ఇప్పుడు ఆ చూపు సూటిగా మా బావ ముఖం మీద పడింది. కళ్ళు తెరిచే ఉంచుకుని, ఆయన ఆ పేరు అన్నాడు. పక్కనే ఉన్న నాకు సగమే వినపడింది.

దర్జీ ఆయన్ని చూశాడు. మీసం చూశాడు, ఛాతీ మీద బంట్రోతు బిళ్ళ చూశాడు. మెల్లగా చెయ్యి చాచి మా బావ భుజం మీద వేలితో తాకాడు, ఉన్నాడా లేడా అని.

"ఆఁ. వచ్చానండీ" అన్నాడు.

రెండో పిలుపూ మూడో పిలుపూ అవసరం లేదన్నారు మేజిస్ట్రేటుగారు. మా బావని లేవదీయడానికి మాత్రం నేనూ దర్జీ ఇద్దరం పట్టాల్సొచ్చింది.

ఆ తర్వాత ప్రతి వాయిదాకీ మా బావ గడప దాటి వెళ్ళి ఎదురుగా నిలబడి పిలిచాడు. దర్జీ పలికాడు. అదేం చోద్యమో, ముసలివాళ్ళనీ, పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళనీ కూడా అలాగే వెళ్ళి పిలవడం మొదలుపెట్టాడు. "కాళ్ళు నొప్పులు తగ్గుతాయని డాక్టరు నడవమన్నాడు" అని నాకు అబద్ధం చెప్పేవాడు. మా బావని నేను జీవితమంతా ఆటపట్టించాను గానీ, అంత ఇష్టంగా ఎప్పుడూ చూడలేదు. ఈ మాట ఆయన ముందు అననులెండి.

కేసు తేలిన రోజు కూడా చెప్పాలి. రేడియో షాపాయన వచ్చి, చెయ్యి మానిపోయిందనీ, తనకి పగ లేదనీ, రాజీకి ఒప్పుకుంటున్నాననీ చెప్పాడు. "ఎదురెదురుగా ఉండేవాళ్ళం, స్పీకరు లోపలికి మార్చేశాను" అన్నాడు. డాక్టరమ్మ తన నివేదిక ఇచ్చింది. శిక్ష లేదు, వైద్యం మానకూడదు, అదొక్కటే షరతు అని మేజిస్ట్రేటుగారు కేసు మూసేశారు. ప్రాసిక్యూటరుగారు అభ్యంతరం లేదన్నారు. ఆయన్ని ఆ రోజుకి క్షమించాను.

దర్జీ ఊరికే వెళ్ళలేదు. నా బల్ల దగ్గరికొచ్చి మా బావకి చొక్కా కుడతానని పట్టుబట్టి కొలతలు తీశాడు. మెడ చుట్టూ టేపు పెట్టి, "కాసేపు మాట్లాడకండి, టేపు తెగుతుంది" అన్నాడు. మా బావని అలా అన్నవాడు నేను కాక ఇంకొకడు దొరికాడని నాకు పండగలా ఉంది. కొలతలయ్యాక మొగుడూ పెళ్ళాం నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. టేపు నా మిషను మీద మర్చిపోయారు.

మా బావ దాన్ని చూశాడు. వాళ్ళు అప్పటికే గేటు దగ్గరున్నారు. ఆలోచించకుండా, అలవాటుకొద్దీ టేపు తీసుకుని మెట్లమీదికి వెళ్ళి, గడ్డం పైకెత్తి, దర్జీని పేరు పెట్టి కేకేశాడు. టీకొట్టుకి వినపడే పిలుపు అది. వెంటనే నాలుక కరుచుకున్నాడు. నేను మిషను ముందు నుంచి లేచి నిలబడ్డాను. ఇంత చేసి చివరికి ఈ మనిషి ఏం చేశాడ్రా బాబూ అనుకున్నాను.

గేటు దగ్గర దర్జీ ఆగాడు. వెనక్కి తిరగలేదు. పారిపోలేదు, చెవులు మూసుకోలేదు. భార్య వైపు వంగి ఏదో అడిగాడు. ఆవిడ వెనక్కి తిరిగి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని మెట్లకేసి చూసి, మా బావని చూసింది. "ఉన్నారు, బంట్రోతుగారే" అన్నట్టు తలూపింది.

అప్పుడు దర్జీ వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, కోర్టంతా వినపడేలా అరిచాడు.

"ఆఁ... ఉన్నానండీ!"

సైకిలు స్టాండులో వాళ్ళు తలెత్తి చూశారు. టీకొట్టాయన బయటికొచ్చాడు. ఈ కోర్టులో పేరు పిలిస్తే మనుషులు వణుకుతూ వస్తారు, అడుగులో అడుగేసుకుంటూ వస్తారు. అంత హాయిగా పలికినవాణ్ణి మేమిద్దరం చూడటం అదే మొదలు. మా బావ మెట్లమీదే నిలబడి, టేపు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"వినపడిందిరా?" అన్నాడు నాతో.

"ఊరందరికీ వినపడింది బావా" అన్నాను.

ఆయన మెట్లు దిగి, టేపు ఇవ్వడానికి గేటు దాకా తనే నడుచుకుంటూ వెళ్ళాడు.